శిక్షణలో మార్కులు పెరుగుతున్నాయి, పురుగుమందు కొట్టే చెయ్యి మాత్రం మారట్లేదు. ఎందుకంటారు?

పైరుగాలి
పురుగుమందుల మీద రైతు శిక్షణలు నడిపేవాళ్లకీ, వాటి ఫలితం లెక్కగట్టేవాళ్లకీ ఈ ప్రశ్న. మొదటిరోజు పొద్దున ఒక ప్రశ్నల కాగితం ఇస్తాం, చివరిరోజు సాయంత్రం మళ్లీ అదే కాగితం. మార్కులు పెరక్కుండా ఉండవు. గ్లౌజులు వేసుకోవాలా అంటే అవును. గాలికి ఎదురుగా కొట్టొచ్చా అంటే కొట్టకూడదు. ఖాళీ డబ్బా ఇంట్లో వాడొచ్చా అంటే అమ్మో, వద్దు. తీరా మందు కొట్టే రోజు చేలోకెళ్లి చూస్తే వట్టి చేతులు, సీసా మూతతో కొలత, ఒకే ట్యాంకులో మూడు మందులు. తెలియక చేస్తున్నారంటే కాదు, అన్నీ తెలుసు. జ్ఞానం, వైఖరి, ఆచరణ అని మూడు గళ్లు గీసి సర్వే చేస్తాం కదా. మొదటి గడి నింపితే మిగతా రెండూ వాటంతటవే నిండుతాయనుకోవడమే తప్పా? మీరైతే ఎక్కడ మారుస్తారు?

దుబ్బుమొదలు
ప్రశ్నల కాగితంలోనే సగం తప్పుంది. "గ్లౌజులు వేసుకోవాలా?" అని అడిగితే కాదని ఎవరంటారు? అడిగినాయనకు ఏం కావాలో రైతుకు ఇట్టే తెలిసిపోతుంది. అది మర్యాద, దాన్ని జ్ఞానం కింద రాసుకుంటున్నాం.

సాలీడు_కాపలా
వైఖరి అనే గడిని మనం మరీ తేలిగ్గా తీసుకుంటున్నాం. రైతు చేత మందు కొట్టించేది భయం. ఆకుకు చిల్లు పడిందంటే గింజ పోయినట్టే అని లోపల పాతుకుపోయిన నమ్మకం. ఆ నమ్మకం కదలకుండా మందు విషమని వందసార్లు చెప్పినా లాభం లేదు. విషమని ఆయనకు తెలుసు, విషం కాబట్టే కొంటున్నాడు.

దాన్ని కదిలించేది ఆకు కత్తిరింపు ప్రయోగం. వరిలో నాటిన రెండు వారాలకు ఒకే మడిలో పక్కపక్కనే రెండు చిన్న గళ్లు గుర్తుపెట్టాలి. ఒకదాంట్లో ప్రతి ఆకునూ కత్తెరతో సగానికి కత్తిరించాలి. రెండోదాన్ని ముట్టుకోవద్దు. నీళ్లు, ఎరువు రెంటికీ సమానం. వారం వారం పిలకలు లెక్కపెట్టి, కోతకు వేరువేరుగా కోసి తూకం వెయ్యాలి. కత్తెర రైతు చేతికే ఇవ్వాలి, శిక్షకుడు కత్తిరిస్తే పని చెయ్యదు. పిలక తొడిగే దశలో పోయిన ఆకును పైరు మళ్లీ తెచ్చుకుంటుందని ఆయన కళ్లే ఆయనకు చెబుతాయి. అదే పని పొట్టదశలో పోటాకు (వెన్ను కిందనే ఉండే ఆఖరి ఆకు) మీద చేస్తే నష్టం కనిపిస్తుంది, అదీ చూపించాలి. లేకపోతే "ఎప్పుడూ కొట్టనక్కర్లేదు" అని ఇంకో తప్పు పాఠం పట్టుకుపోతారు.

వియత్నాంలో మెకాంగ్ డెల్టాలో 1994లో మొదలైన ప్రచారం ఈ ఒక్క విషయాన్నే పట్టుకుంది: మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు వద్దు, నమ్మకం లేకపోతే మీ పొలంలో ఓ మూల కొట్టకుండా వదిలి చూసుకోండి. రేడియో నాటికలు, పోస్టర్లు, కరపత్రాలు, అంతే. మొదలుపెట్టిన ప్రాంతంలో పురుగుమందు పిచికారీలు సగానికి పడిపోయాయి. ఇరవై విషయాలు చెప్పలేదు వాళ్లు.

కొత్తచిగురు
సాలీడు గారూ, పురుగు నిజంగా ఎక్కువున్నప్పుడు ఈ ప్రయోగం పెట్టారనుకోండి, నష్టపోతే ఎవరిది బాధ్యత?

సాలీడు_కాపలా
అందుకే పొలం మొత్తం పెట్టరు. నాలుగైదు అడుగుల గడి చాలు. కత్తెర్ని పురుగు అనుకోమంటున్నాం, అసలు పురుగును వదలడం లేదు.

మడిగట్టు
ఇండోనేసియా సంగతి రాకుండా ఈ చర్చ నడవదు. పొలంబడి అని మనం పిలుచుకునేది, అంటే పంటకాలమంతా రైతులు చేలోనే కూడి నేర్చుకునే బడి, 1989లో అక్కడి వరి మళ్లలోనే మొదలైంది. దానికి మూడేళ్ల ముందు, 1986లో, అధ్యక్షుడి ఉత్తర్వుతో వరిలో 57 రకాల పురుగుమందుల్ని నిషేధించారు. మందుల మీదిచ్చే సబ్సిడీని మెల్లగా తగ్గిస్తూ 1989కల్లా ఎత్తేశారు. ఎందుకంటే సుడిదోమ, వరి దుబ్బుల్లో రసం పీల్చే పురుగు. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది. గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు వాటికి తగలదు. బయటుండి దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చస్తాయి. పది రోజులకు గుడ్లు పగిలేసరికి తినేవాళ్లెవరూ మిగలరు.

నేను చెప్పేదేంటంటే, అక్కడ శిక్షణ ఒంటరిగా పని చెయ్యలేదు. చవగ్గా దొరికే మందు ఆగింది, ప్రమాదకరమైనవి అంగడిలోంచి పోయాయి, ఆ తర్వాత శిక్షణ వచ్చింది. మందు చవగ్గా ఇస్తూ మందు తగ్గించమని పాఠం చెబితే రైతు పాఠాన్ని వింటాడు, మందును కొంటాడు.

లెక్కల_పుస్తకం
మడిగట్టు గారు చెప్పినదానికి ఓ ముడి ఉంది. అదే ఇండోనేసియా పొలంబడుల మీద 1991 నుంచి 1999 దాకా అవే కుటుంబాల సమాచారంతో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు లెక్క వేస్తే, చదివినవాళ్ల దిగుబడిలో గానీ, మందు వాడకంలో గానీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. 2004లో ఆ లెక్క బయటికొచ్చినప్పుడు పెద్ద వాదులాటే అయ్యింది. తర్వాత 2014లో చాలా దేశాల అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్షలో, చదివినవాళ్లలో మందు వాడకం సగటున 23 శాతం తగ్గిందని, దిగుబడి 13 శాతం పెరిగిందని వచ్చింది. కానీ రెండు లెక్కలూ ఒక దగ్గర కలుస్తాయి: నేర్చుకున్నది పక్క రైతుకు పాకడం లేదు.

నా ఉద్దేశంలో అసలు విషయం ఇదే. "ఇది కొట్టు" అన్న మాట గట్టు దాటి పక్క చేలోకి పోతుంది. "ఇప్పుడు కొట్టకు" అన్నది పోదు, దాని వెనక వారాల తరబడి చూసిన చూపుంది కాబట్టి. చూపును చెవిలో చెప్పలేం.

సాలీడు_కాపలా
పూర్తిగా ఒప్పుకోను. వియత్నాంలో రేడియోతోనే పాకింది కదా.

లెక్కల_పుస్తకం
పాకింది, నిజమే. అది ఒక్క వాక్యం, పైగా ఇంట్లోనే పరీక్షించుకోగలిగే వాక్యం. పొలంబడిలో చెప్పే పైరు పర్యావరణ విశ్లేషణ అలాంటిది కాదు: వారం వారం దుబ్బులు చూసి, పురుగులూ మిత్రులూ లెక్కేసి, బొమ్మ గీసి, నలుగురూ వాదించుకుని నిర్ణయం చెయ్యడం. మొదటిదానికి రేడియో చాలు, రెండోదానికి పొలమే కావాలి. ఏది నేర్పుతున్నామో ముందు తేల్చుకోకుండా రెండూ ఒకే మూడు రోజుల్లో కుక్కుతున్నాం.

నాజిల్_చూపు
మీరంతా కొట్టాలా వద్దా దగ్గరే ఉన్నారు. కొట్టక తప్పని రోజు సంగతేంటి? పైరుగాలి గారు "సీసా మూతతో కొలత" అన్నారు చూశారా, అది అలవాటు లోపం కాదు, లెక్క నేర్పకపోవడం.

లేబుల్ మీద మోతాదు ఎకరానికో హెక్టారుకో ఉంటుంది. రైతు ట్యాంకుల్లో ఆలోచిస్తాడు. మధ్యలో వంతెన ఎవరూ వెయ్యరు. ఇలా వెయ్యొచ్చు: 10 మీటర్లు పొడవు, 10 వెడల్పు గుర్తుపెట్టండి. ట్యాంకులో గీత దాకా మంచినీళ్లు పోసి, ఆయన మామూలుగా నడిచే వేగంతో, మామూలుగా కొట్టే పంపుతో ఆ చోటంతా కొట్టించండి. మళ్లీ గీత దాకా నింపడానికి ఎన్ని నీళ్లు పట్టాయో కొలవండి. 4 లీటర్లు పట్టాయనుకుందాం. ఎకరంలో అలాంటి ముక్కలు 40. అంటే 160 లీటర్లు, 16 లీటర్ల ట్యాంకులు పది. లేబుల్ ఎకరానికి 200 మి.లీ. అంటే ట్యాంకుకు 20 మి.లీ.

ఇప్పుడు అదే 20 మి.లీ. పట్టుకుని పక్కాయన ఎకరాన్ని 6 ట్యాంకుల్లో ముగిస్తే పడింది 120, పురుగు చావదు, "మందు కల్తీ" అంటాడు. ఇంకొకాయన నింపాదిగా నడిచి 15 ట్యాంకులు కొడితే 300, మోతాదుకు ఒకటిన్నర రెట్లు. ముగ్గురూ పరీక్షలో "లేబుల్ ప్రకారం వాడాలి" అనే రాస్తారు, ముగ్గురికీ మార్కు పడుతుంది.

కొత్తచిగురు
ఇది గంటలో అయిపోతుందా?

నాజిల్_చూపు
ఒక్కొక్కరికి పావుగంట. నలుగురి చేత చేయించండి, నాలుగు వేర్వేరు అంకెలు వస్తాయి. ఆ నాలుగూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. పనిలో పనిగా నాజిల్ కూడా చూడండి. కొలత జాడీలో నిమిషం పట్టండి. కొత్తది 600 మి.లీ. ఇస్తుంటే పాతది 660 దాటిందంటే అరిగినట్టే, మార్చాలి. అడ్డుపడితే నోటితో ఊదడం కాదు, మెత్తటి బ్రష్షుతోనో గడ్డిపరకతోనో తియ్యాలి. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై మళ్లీ లెక్క తప్పుతుంది.

దుబ్బుమొదలు
మూత గురించి ఒక మాట. మూతలన్నీ ఒకటి కాదు. ఒక సీసా మూత 5 మి.లీ. పడితే ఇంకోదాంట్లో పది పదిహేను పడుతుంది. శిక్షణకొచ్చేటప్పుడు ఎవరి మూత వాళ్లను తెచ్చుకోమని కొలత జాడీలో పోయిస్తే ఆ మూత మళ్లీ వాడాలనిపించదు.

తడిచొక్కా
ఇక గ్లౌజుల గొడవ. ఎండలో రబ్బరు బూట్లు, కోటు, కళ్లద్దాలు, మాస్కు అన్నీ వేసుకోమని బొమ్మ చూపించి, వేసుకోకపోతే "రైతుకు వైఖరి లేదు" అని రాసుకోవడం అన్యాయం. అవన్నీ వేసుకుని గంట పని చేస్తే మనిషి వేడికే సొమ్మసిల్లుతాడు. చెయ్యలేని పది చెబితే చెయ్యగలిగిన రెండూ వాటితోపాటు కొట్టుకుపోతాయి.

ఆ రెండేంటంటే: నీళ్లు కలపని చిక్కటి మందు పోసేటప్పుడు చేతులకు నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గ్లౌజులు. అన్నిటికన్నా గాఢమైన మందు చేతికి తగిలేది ఆ రెండు నిమిషాల్లోనే. తోలు గ్లౌజులు, గుడ్డ గ్లౌజులు వద్దు, అవి మందును పీల్చుకుని చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి, లేనిదానికన్నా చేటు. రెండోది, కారని ట్యాంకు.

పైరుగాలి
ట్యాంకు కారడానికి అంత ప్రాధాన్యమా?

తడిచొక్కా
మూత దగ్గర రబ్బరు వాషర్ పోయిన ట్యాంకు వీపు మీదున్నప్పుడు మందు నడుము మీదుగా కిందికి దిగుతుంది. శరీరంలో చర్మమంతా ఒకలా పీల్చదు. పారాథియాన్ అనే పురుగుమందుతో చేసిన పాత కొలతల్లో ముంజేతి చర్మం కన్నా వృషణాల చర్మం దాదాపు 12 రెట్లు పీల్చింది. మాస్కు గురించి అరగంట చెప్పి వాషర్ ఊసెత్తని శిక్షణలు చాలా ఉన్నాయి. పొలంలో చేతిపంపుతో కొట్టేవాళ్లకు మందు ఎక్కువగా లోపలికి పోయేది చర్మం గుండానే, ముక్కు గుండా కాదు.

చూపించాలంటే రంగునీళ్లు. ట్యాంకులో మందు బదులు ఎర్ర రంగు కలిపిన నీళ్లు, ఒంటి మీద తెల్లటి బట్టలు, పావుగంట పిచికారీ. తర్వాత అందరి ముందూ నిలబడితే చాలు. తను కొట్టిన సాళ్లలోకే ఎదురు నడిచినాయనకు మోకాళ్ల నుంచి తొడల దాకా ఎరుపు. వీపు మీద చార. చెమట తుడుచుకున్న చోట నుదుటి మీద వేళ్ల గుర్తులు. అతినీలలోహిత కాంతికి మెరిసే రంగు దొరికితే ఇంకా మంచిది, పగలు కనిపించదు, చీకటి గదిలో లైటు వేస్తే వెలుగుతుంది. సబ్బుతో చేతులు కడుక్కోమని మళ్లీ లైటు కింద పెట్టించండి. గోళ్ల అంచుల్లో, ఉంగరం కింద ఇంకా మెరుస్తూనే ఉంటుంది. ఆ చేత్తో అన్నం కలుపుకుంటారని విడిగా చెప్పనక్కర్లేదు.

మడిగట్టు
రంగునీళ్లు బాగానే ఉన్నాయి గానీ, భయపెట్టి వదిలేస్తే "చేతులు కడుక్కుంటే చాలు" దగ్గర ఆగిపోతారు. మందు ఎంపిక మారాలి. అత్యంత విషపూరితమైనదాన్ని ఎంత జాగ్రత్తగా కొట్టినా ఆ జాగ్రత్త రోజూ నిలవదు.

తడిచొక్కా
కాదనట్లేదు. ముందు తక్కువ విషమున్నది ఎంచుకోవడం, తర్వాతే ఒంటి రక్షణ. శిక్షణలో వరస ఎప్పుడూ తిరగబడి ఉంటుంది, అదీ నా బాధ.

ఏరువాక_మాట
అసలు గదిలో కూర్చున్నదెవరో చూశారా? పిలుపు పొలం యజమానికి వెళ్తుంది. ట్యాంకు మోసేది కూలీ. నీళ్లు తెచ్చి మందు కలిపేది, ఆ బట్టలు ఉతికేది చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు. పరీక్ష రాసిన చెయ్యి ఒకటి, మందు తగిలే చెయ్యి ఇంకొకటి. పైరుగాలి గారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉందనుకుంటా. చెయ్యి మారలేదంటున్నారు, ఆ చేతికి ఎవరూ నేర్పలేదు.

బట్టల గురించైతే ఇంకా తక్కువ చెబుతారు. మందు బట్టలు మిగతావాటితో కలపకుండా, గ్లౌజులతో, విడిగా, ఎక్కువ నీళ్లతో ఉతకాలి. ఉతికేవాళ్లు శిక్షణలో లేకపోతే ఈ మాట ఎవరికి చేరుతుంది?

పైరుగాలి
ఇది గుచ్చుకుంది. హాజరు పట్టీలో "సొంతంగా మందు కొడతారా, ఎవరైనా కొడతారా" అన్న గడే లేదు.

ఏరువాక_మాట
పెట్టండి. కూలీలకు పగలు వీలుకాదు, కూలి పోతుంది. సాయంత్రం గంట చొప్పున నాలుగుసార్లు పెడితే వస్తారు. చదువురానివాళ్లుంటే లేబుల్‌ను రంగుతో, బొమ్మలతో నేర్పాలి. మన డబ్బాల మీది త్రికోణాల్లో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, విషం తగ్గే వరస. ఖాళీ డబ్బాలు పోగేసి (మూడుసార్లు కడిగినవే) రంగుల వారీగా వరసలో పెట్టమంటే అదే పరీక్ష. చాలామంది ఆకుపచ్చను "సేంద్రియం" అనుకుంటారు. దాన్ని అక్కడికక్కడే సరిచెయ్యాలి, ఆకుపచ్చ కూడా మందే.

దుబ్బుమొదలు
ఆ పోగేసిన డబ్బాలతోనే ఇంకో పని. కంపెనీ పెట్టిన పేర్లు వదిలేసి లోపలి మందు పేరు చదివించండి. ఇమిడాక్లోప్రిడ్ పని చెయ్యలేదని థయామెథాక్సామ్‌కి, అదీ చెయ్యలేదని ఎసిటామిప్రిడ్‌కి మారతారు. మూడూ 4ఏ గుంపే (పురుగు మీద పని చేసే తీరును బట్టి మందులకిచ్చిన గుంపు అంకె). పురుగుకు సంబంధించినంతవరకు మందు మారనే లేదు, సీసా రంగు మారింది. "మందులు మార్చి మార్చి వాడాలి" అన్న పాఠం నిజానికి నెగ్గింది చూడండి, వైఖరి మారింది, ఆచరణా మారింది, గుంపు అంకె నేర్పకపోవడం వల్ల మొత్తం వృథా అయ్యింది.

కొత్తచిగురు
అంటే సైపర్‌మెథ్రిన్ నుంచి లామ్డా సైహలోథ్రిన్‌కి మారినా అంతేనా?

దుబ్బుమొదలు
అంతే, రెండూ 3ఏ. పైగా వరిలో ఈ గుంపు కొడితే మడిగట్టు గారు చెప్పిన సుడిదోమ కథ మొదలవుతుంది.

సాలీడు_కాపలా
ఆ కథను చూపించడం తేలికే. పలచటి గుడ్డ చుట్టిన రెండు గాజు జాడీలు, రెండింట్లో వరి మొక్క, ఇరవై సుడిదోమలు. ఒకదాంట్లో ఒక్క తోడేలు సాలీడు. రోజుకు 5 నుంచి 15 దాకా తింటుంది. మర్నాడు లెక్కపెట్టిస్తే "పురుగులన్నీ శత్రువులే" అన్న మాట మళ్లీ వినపడదు. జాడీని ఎండలో పెట్టకండి, దోమలు వేడికి చస్తే సాలీడు ఖాతాలో పడతాయి.

తడిచొక్కా
అనారోగ్యం గుర్తుపట్టడం కూడా కలపండి. ఆర్గానోఫాస్ఫేట్ మందులు (నరాల మీద పని చేసే ఒక రకం) కొట్టాక తలనొప్పి, చొంగ కారడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం వస్తే "ఎండ దెబ్బ" అనుకుంటారు. మనిషి బొమ్మ గీసిన కాగితం ఇచ్చి, కొట్టిన రోజు సాయంత్రం ఎక్కడ ఏమనిపించిందో గుర్తు పెట్టమనాలి. కొట్టని రోజు కూడా పెట్టించాలి. రెండు కాగితాలు పక్కన పెడితే ఎండ రెండు రోజులూ ఉందని వాళ్లే అంటారు. బాగా ఎక్కువైతే బట్టలు విప్పించి సబ్బు నీళ్లతో ఒళ్లు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లేబుల్ వెంట ఉండాలి, బలవంతంగా వాంతి చేయించకూడదు.

లెక్కల_పుస్తకం
పైరుగాలి గారూ, కొలిచే పద్ధతి కూడా మార్చాలి మరి. "వేసుకోవాలా?" ప్రశ్నలు తీసేసి సందర్భాలు ఇవ్వండి: నాటి 25 రోజులు, దుబ్బుకు రెండు ఆకులు ముడుచుకున్నాయి, సాలీళ్లు మూడు ఉన్నాయి, ఏం చేస్తారు? సరైన జవాబు కొట్టకపోవడమే అయ్యే ప్రశ్నలు సగమైనా ఉండాలి. ఆచరణను అడగొద్దు, చూడండి. ఆ పంట కాలంలో వాడిన ఖాళీ సీసాలు ఒక సంచిలో దాచమని ముందే చెప్పండి, చివర్లో లెక్కపెట్టండి. మాట తప్పొచ్చు, సంచి తప్పదు. శిక్షణ లేని గుంపుకు కూడా సంచి ఇవ్వకపోతే మాత్రం ఆ లెక్కకు విలువ లేదు, ఆ ఏడాది పురుగే తక్కువుంటే అందరి సంచులూ తేలికగానే ఉంటాయి.

పైరుగాలి
సరే, మూడు రోజుల కార్యక్రమాన్ని విడదీస్తున్నా. పంటకు ముందు ఒక సాయంత్రం కొలత, రంగునీళ్లు. నాటిన రెండు వారాలకు కత్తిరింపు, జాడీలు. తర్వాత పొట్టదశ దాకా పదిహేను రోజులకోసారి చేలో. ట్యాంకు మోసేవాళ్లకు విడిగా పిలుపు. సీసాల సంచి రెండు గుంపులకూ. మొదటి సాయంత్రానికి నా దగ్గర నాలుగు ట్యాంకులున్నాయి, కొత్తవి.

తడిచొక్కా
కొత్తవి వద్దు. వాళ్ల ట్యాంకులే తెచ్చుకోమనండి. కొత్త ట్యాంకు కారదు, తెల్లచొక్కా వీపు తెల్లగానే ఉంటుంది. అరడజను వాషర్లు మాత్రం దగ్గర పెట్టుకోండి, ఎరుపు చూసిన వెంటనే అక్కడే మార్చేసి రెండోసారి కొట్టించడానికి.